సీసా మీద పేరు

ఊరికే నేర్పిస్తానని ఎవరైనా అంటే నాకు ముందు వాళ్ళ ముఖం పరీక్షగా చూడాలనిపిస్తుంది. నరసరావుపేట డిపోలో కండక్టరుగా పల్లెవెలుగు బస్సుల్లో తిరిగి తిరిగి రిటైరైనదాన్ని. టిక్కెట్టు లేని మనుషులు రెండే రకాలు. ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు, ఇంకొకడు నన్ను చూసి అవసరానికి మించి నవ్వుతాడు. శరత్ బాబు మా గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆ రెండో నవ్వే నవ్వాడు.

అతనెవరో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. "కమలాంబ గారి పొడులు" అతని కంపెనీవే. కారం, ధనియాల పొడి, సాంబారు పొడి, ఇడ్లీ కారం... మాచర్ల నుంచి గుంటూరు దాకా ఏ కిరాణా కొట్లో చూసినా ఆ ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. ప్యాకెట్ మీద ముక్కుపుడకా, ఇంత బొట్టూ పెట్టుకున్న ఒక పెద్దావిడ బొమ్మ అగ్గిపెట్టంత ఉంటుంది. మోపెడ్ మీద కారం ప్యాకెట్లు వేసుకుని కొట్టు కొట్టుకీ తిరిగి మొదలుపెట్టినవాడు ఇప్పుడు వ్యాన్లు తిప్పుతున్నాడు. నేను మటుకు ఆ ప్యాకెట్ ఒక్కటి కూడా కొనలేదు. కాయలు ఎండబెట్టి, మర దగ్గర నిలబడి, నా కళ్ళెదుట ఆడించుకుంటేనే నాకు నమ్మకం.

ఈ ఏడు అతనికి కొత్త బుద్ధి పుట్టింది. పల్నాడులో చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ళలో కొందరిని ఎంచుకుని, వాళ్ళు నిలదొక్కుకునేదాకా దగ్గరుండి నేర్పిస్తానని ప్రకటించాడు. దానికి మెంటరింగ్ అని పేరు. మా కోడలు హెప్సిబా టిఫిన్ డబ్బాలో తను చేసిన కొరివికారం పెట్టుకుని ఆ మీటింగుకి వెళ్ళింది. సాయంత్రం ముఖమంతా వెలిగిపోతూ వచ్చింది.

"నన్ను తీసుకున్నారు అత్తయ్యా! ఫీజు లేదంట. వ్యాపారంలో వాటా కూడా అడగరంట."

"వాటా అడిగితే నమ్మేదాన్నే. అడగలేదంటే ఇంకేందో కావాలి వాడికి," అన్నాను.

"మీకు అందరూ టిక్కెట్టు లేనోళ్ళే," అని నవ్వేసి లోపలికి వెళ్ళింది.

కొరివికారం అంటే పండుమిరపకాయల పచ్చడి. చేలో ఎర్రగా పండిన కాయలు తెచ్చి, ఉప్పూ చింతపండూ వేసి తొక్కి, మూడోనాడు వెల్లుల్లి కలిపి మళ్ళీ నూరి జాడీకి ఎత్తుతారు. ఇక్కడ అందరూ చేసేదే. కానీ హెప్సిబా చేసింది ఏడాది గడిచినా రంగు మారదు. నా కోడలని చెప్పడం లేదు, ఆ పిల్ల చేతిలో ఏదో ఉంది.

కొన్నాళ్ళు ఒక భోజన హోటలుకి పంపించింది. ఆ హోటలాయన బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి "మా ఆవిడ చేసిన కొరివికారం" అని చెప్పి వడ్డించేవాడట. మా అబ్బాయి నడికుడిలో రైల్వేలో చేస్తాడు. సెలవు రోజున సరుకు దింపి వచ్చేది వాడే కాబట్టి హెప్సిబా ఎవరో ఆయనకు తెలియదు. ఒకసారి పెళ్ళిరోజున మావాడికి డ్యూటీ పడితే ఈ పిల్ల చుట్టాలమ్మాయితో కలిసి ఆ హోటలుకే వెళ్తే, ఆయన వచ్చి ఈ పిల్ల విస్తట్లోనే వడ్డించి, "మా ఆవిడ చెయ్యి తల్లీ, తిని చూడు" అన్నాడు. తను చేసింది తనే తిని, బాగుందండీ అని చెప్పి ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాటి నుంచి పంపడం మానేసింది.

"నేను చేసినదాని మీద నా పేరుంటే చాలు అత్తయ్యా. ఎంత అమ్ముడైతే అంత," అన్నది ఆ రోజు. అప్పటి నుంచీ ఆమెకు ఆ ఒక్క కోరికే. గాజు సీసా, దాని మీద "హెప్సిబా కొరివికారం" అని పేరు.

అందుకని శరత్ బాబు వచ్చిన రోజు నేను వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను. మనిషికి నలభై అయిదు దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. హెప్సిబా పళ్ళెంలో వేడి అన్నం, కొరివికారం, నెయ్యి పెట్టి ఇచ్చింది. ముద్ద కలుపుకుని నోటి దగ్గరికి తీసుకెళ్ళి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఇంకా తినకముందే! అబ్బో, ఏం నటన అనుకున్నాను.

తిన్నాక అడిగాడు, కాయలు ఎట్లా కడుగుతావమ్మా అని.

"తొడిమలుండగానే కడిగి గుడ్డ మీద ఆరేస్తానండి. తడి పూర్తిగా పోయాకే తొడిమ తీస్తాను. ముందే తీసి కడిగితే కాయలోకి నీళ్ళు పోయి పచ్చడి బూజు పడుద్ది," అన్నది హెప్సిబా.

"మా అమ్మ కూడా ఇట్లాగే..." అని ఠక్కున ఆపేశాడు.

నేను వదులుతానా? "అమ్మేంది? మీ నాయనమ్మ కమలాంబ గారు కదా చేసేది? ప్యాకెట్ వెనక అట్లానే రాసుందని మా పిల్ల చెప్పిందే."

"ఆఁ... ఇంట్లో అందరూ చేసేవాళ్ళమ్మా."

"ఏ ఊరు మీది?"

"ఇక్కడేనమ్మా."

"ఇక్కడంటే?"

"ఈ చుట్టుపక్కలే," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఎక్కిన ఊరు చెప్పని మనిషికి నేను ఏనాడూ టిక్కెట్టు కొట్టలేదు. ఇతనికి మా వంటిల్లు ఎట్లా అప్పజెప్పేది? ఆ రోజు నుంచి అతను ఉన్నంతసేపూ హెప్సిబా పక్క వదల్లేదు. వెల్లుల్లి కలిపి నూరే రోజున మాత్రం అతన్ని హాల్లోనే కూర్చోబెట్టి ఫ్యాను వేసి, మా ప్రార్థన మందిరంలో కొత్తగా వేయించిన టైల్స్ గురించి నూరడం అయిపోయేదాకా చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

నేర్పించడం మటుకు బాగానే నేర్పించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పది రకాల పచ్చళ్ళు పెడదామని హెప్సిబా అంటే వద్దన్నాడు. "ఒక్క కొరివికారమే పెట్టు. పది రకాలు పెడితే జనానికి ఏదీ గుర్తుండదు. ఇది అలవాటు పడ్డాక వాళ్ళే ఇంకేమున్నాయని అడుగుతారు," అన్నాడు. మూత బిగించిన సీసాను మా ఫ్రిజ్ మీద తలకిందులుగా పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు చూస్తే కింద నూనె మరక. "కొట్టువాడి అరలో ఇట్లా నూనె కారిందంటే వాడు రెండోసారి నీ సీసా ముట్టుకోడమ్మా. మూత మార్చు," అన్నాడు. ప్రతి విడతకీ ఉప్పు తూకం ఒకటే ఉండాలని, చేతి అంచనా పనికిరాదని పోట్లాడాడు. మధ్యమధ్యలో ఫోనుతో వంటింటి ఫొటోలు తీసేవాడు. ఈ కాయలు ఎక్కడ కొంటావు, ఇట్లా చెయ్యి తిరిగినవాళ్ళు మీ ఇంట్లో ఇంకెవరున్నారు అని ఆరా తీసేవాడు. పచ్చడి గుట్టు లాగి తన ముసలమ్మ బొమ్మ వేసి అమ్ముకుంటాడని నాకు గట్టి అనుమానం.

లేబుళ్ళు తెచ్చిన రోజున ఆ అనుమానం నిజమైందనుకున్నాను. రెండు రకాలు బల్ల మీద పరిచాడు. ఒకదాని మీద "హెప్సిబా కొరివికారం" అని ఉంది. రెండోదాని మీద "సుభద్రమ్మ గారి కొరివికారం" అని ఉంది, పక్కన గాజుల చేతులు రోట్లో పచ్చడి నూరుతున్న బొమ్మ.

"సుభద్రమ్మ గారెవరండీ?" అని అడిగింది హెప్సిబా.

"ఎవరూ కాదమ్మా. ఊరికే పేరు."

"అదీ సంగతి!" అని లేచాను. "చేసేది ఒకరు, పేరు ఇంకొకరిదీనా? ఆ హోటలాయనకూ నీకూ తేడా ఏందయ్యా?"

అతను నా వైపు చూడలేదు. "అమ్మా, ఈ పిల్ల పేరుతో అమ్ముడుపోదు," అన్నాడు.

"ఏం? ఆ పేరుకేం రోగం?"

"మార్కెట్ అట్లా ఉందమ్మా."

"మార్కెట్టంట! ఏ మార్కెట్టో నాకు చూపించు, నేనూ చూస్తా."

"చూడండి. నా మాట నమ్మొద్దు," అన్నాడు. "గురజాలలో ఖాదర్ వలి గారి కొట్లో రెండు రకాలూ పక్కపక్కనే పెడదాం. లోపల ఉండేది ఒకటే పచ్చడి. ఏది అమ్ముడైతే ఆ పేరే ఖాయం చేద్దాం, అదే నా వ్యాన్లలో అన్ని ఊళ్ళకీ పంపిస్తాను."

హెప్సిబా ముఖం చిన్నబోయింది. వ్యాన్లు లేకపోతే ఆ పచ్చడి మా వీధి దాటదు, అది మాకూ తెలుసు. కాసేపు లేబుల్ మీద తన పేరును వేలితో దిద్దుతూ కూర్చుని, "సరేనండి" అన్నది.

వారం తిరక్కుండానే శరత్ బాబు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. సుభద్రమ్మవి అయిపోతున్నాయి, మళ్ళీ పంపాలి, హెప్సిబావి దాదాపు అన్నీ అట్లాగే ఉన్నాయి అని. ఆ పిల్ల స్టవ్ కట్టేసి వెళ్ళి పడుకుంది. నాకు ఒళ్ళు మండింది. వాడే కొట్టువాడికి చెప్పి ఈ సీసాలు వెనక దాయించి ఉంటాడు! నా దగ్గరా పప్పులుడికేది? పొద్దున్నే గురజాల బస్సెక్కాను. చెకింగుకి వస్తున్నామని ఎవరికైనా ముందు చెప్పి వెళతామా?

ఖాదర్ వలి కొట్టు బస్టాండుకు దగ్గరే. పెద్ద కొట్టు. లోపలికి వెళ్ళి చూద్దును కదా, రెండు రకాలూ ఒకే అరలో, కళ్ళకు ఎదురుగా, పక్కపక్కనే ఉన్నాయి. దాచింది లేదు, ధూళి పట్టింది లేదు. అయినా నమ్మకుండా సబ్బులు చూస్తున్నట్టు ఓ పక్కన నిలబడ్డాను.

వచ్చినవాళ్ళు వస్తున్నారు. ఒకావిడ హెప్సిబా సీసా తీసి, పేరు చదివి, పెట్టేసి పక్కది తీసుకుంది. ఇంకొకాయన అసలు ముట్టుకోలేదు. సరే, వాళ్ళకు తెలియని పేరు అనుకున్నాను. ఇంతలో ఒకమ్మాయి వచ్చింది. నుదుట బొట్టు లేదు, భుజాన బైబిలు సంచి ఉంది. శుక్రవారం కదా, ఉపవాస ప్రార్థన నుంచి వస్తున్నట్టుంది. హెప్సిబా సీసా తీసి పేరు చదువుకుని నవ్వుకుంది. హమ్మయ్య, మన పిల్ల అనుకున్నాను. ఆమె ఆ సీసాను జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టి సుభద్రమ్మను తీసుకుంది.

ఉండబట్టలేక వెళ్ళి అడిగాను. "ఏమ్మా, అది తీసి మళ్ళీ పెట్టేశావేంది?"

"ఇంటికి చుట్టాలొస్తున్నారు ఆంటీ," అన్నది. నన్ను కూడా చూసింది, నాకూ బొట్టు లేదని చూసింది, అందుకని మనలో మన మాటగా గొంతు తగ్గించింది. "వాళ్ళయితే శుభ్రంగా చేస్తారు కదా."

ఎన్ని బస్సుల్లో ఎంతమందితో తగాదా పడి ఉంటానో! ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేకపోయాను. ఖాదర్ వలి గల్లా దగ్గర నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల వెళ్ళాక కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"మీరు ఆ సీసాల తాలూకా అమ్మా? ఏమనుకోమాకండి. పచ్చడి రెండూ ఒకటేనని నాకు తెలుసు, తిని చూశా. జనం తినేది ముందు పేరునమ్మా." బయట బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "నా కొట్టుకి నేను నా పేరు పెట్టుకున్నానా? భారత్ కిరాణా అని పెట్టా. మా నాయన చెప్పాడు అట్లా పెట్టమని."

మంచినీళ్ళు తాగుతూ తల పైకెత్తాను. ఎదురు గోడ మీద కమలాంబ గారి పొడుల ఫ్లెక్సీ ఉంది, తలుపంత పొడుగు. ఆ ముసలావిడ ముఖం అంత పెద్దదిగా చూడటం నాకు అదే మొదటిసారి. ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు పడి రెండు ముక్కలై ఉంది. నవ్వు ఒక పక్కకే లాగినట్టు ఉంది. గ్లాసు కింద పెట్టాను. ఆ బొట్టునూ ముక్కుపుడకనూ నా అరచేత్తో గాల్లోనే అడ్డం పెట్టి చూశాను.

కరుణమ్మ!

బెల్లంకొండ బస్సు ఎక్కేది. మిరపకాయల తొడిమలు తీసే కూలి పనికి వెళ్ళి వచ్చేవాళ్ళలో ఒకతె. ఆ ఆడవాళ్ళు ఎక్కితే వాళ్ళ చీరల్లోని ఘాటుకి బస్సంతా తుమ్ములు. అందుకని వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి ఆఖరి సీట్లో కూర్చునేవాళ్ళు. కరుణమ్మ రోజూ టిక్కెట్టు తీసుకుంటూ "వందనాలు నిర్మలమ్మా" అనేది, ఆమెకు తెలియని కీర్తన లేదు. చిల్లర చేతిలో పెట్టే ఆ చెయ్యి మిరపమంటకి ఎప్పుడూ వాచి ఉండేది. ఆమె నుదుట బొట్టు నేను ఏ రోజూ చూడలేదు. 'మా అమ్మ కూడా' అని శరత్ బాబు ఠక్కున ఆపేసింది ఈమె గురించే. అన్నం ముద్ద పట్టుకుని కళ్ళు ఎందుకు మూసుకున్నాడో కూడా అప్పుడు అర్థమైంది. తినేముందు మా ఇళ్ళల్లో ప్రార్థన చేసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. వాడు నటించలేదు, దాచుకోలేకపోయాడు.

మర్నాడు అతను ఏ పేరు ఖాయం చేద్దామని అడగడానికి వచ్చాడు. హెప్సిబా టీ ఇచ్చింది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"కరుణమ్మ బాగుందా?" అన్నాను.

గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. హెప్సిబా ఎవరని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"బెల్లంకొండ బస్సులో నా చేత్తో టిక్కెట్లు ఇచ్చానయ్యా మీ అమ్మకి. మందిరంలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఆమె నుదుట బొట్టు పెట్టి, కమలాంబ అని పేరు పెట్టి అమ్ముకుంటా ఉన్నావా? సిగ్గు లేదూ నీకు?"

అరుస్తాడనుకున్నాను, లేచి పోతాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మొదట అమ్మ ముఖం ఉన్నదున్నట్టే వేశానమ్మా," అన్నాడు. "కరుణమ్మ కారం అని. ఆమె ఎంచిన కాయలు, ఆమె చెప్పిన పాళ్ళు. మోపెడ్ మీద ఎన్ని ప్యాకెట్లు తీసుకెళితే అన్నీ తిరిగొచ్చేవి. ఒక కొట్టాయన, మంచాయనే, కారం బాగుందయ్యా, కానీ ముఖం బోసిగా ఉంది, ఎవరి తాలూకా అని అడుగుతున్నారు అన్నాడు. డిజైన్ చేసే కుర్రాడి దగ్గరికి పోయి బొట్టు పెట్టించా, ముక్కుపుడక పెట్టించా. పేరు మార్చా. అదే కారం. ఇంక వెనక్కి చూసుకోలేదు."

"మీ అమ్మ ఏమన్నది?"

"అప్పటికే అమ్మకి కళ్ళు మసకలు. ప్యాకెట్ చేతికిస్తే, ఈమెవరు రా, లక్షణంగా ఉంది అన్నది." అతను తల దించుకున్నాడు. "నువ్వేనమ్మా అని చెప్పలేకపోయా. ఇంతవరకూ చెప్పలేదు."

హెప్సిబా అడిగింది. "అయితే సార్, నన్ను కూడా అట్లా దాక్కోమంటారా?"

"బతకమంటున్నా తల్లీ. నాకు తెలిసిన దారి అదొక్కటే. తెలియనిది ఎట్లా నేర్పేది?"

"మీ వ్యాన్లలో నా పేరుతో పంపిస్తే ఏమవుద్ది?"

"కొట్టువాడు అడుగుతాడు, ఈయనకీ వీళ్ళకీ సంబంధమేందని. ఆ ఒక్క ప్రశ్న చాలు, నా గుట్టు బయటపడడానికి. నా దగ్గర పనిచేసేవాళ్ళు చానామంది ఉన్నారమ్మా, వాళ్ళ గతేంది?"

"అయితే వద్దు లెండి," అన్నది హెప్సిబా. కోపం లేదు ఆ మాటలో. "బుట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతా. అమ్ముడైనన్నే అమ్ముడవుతాయి. ఇంకొకరి పేరుతో మాత్రం ఇంక ఒక్క సీసా కూడా చెయ్యను."

అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్ళి మిగిలిన సుభద్రమ్మ లేబుళ్ళను ఒక సంచిలో కుక్కింది. నాకు ఆమెను చూస్తే గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. గురజాలలో ఆ అమ్మాయి అన్న మాట ఆమెకు చెప్పలేదు.

అతని మాటలు నమ్మానా అంటే, పూర్తిగా నమ్మలేదు. తల దించుకున్నంత మాత్రాన నమ్మేస్తే నేను నిర్మలను ఎట్లా అవుతాను? కన్నతల్లికి తన బొమ్మ తెలియకపోవడమేమిటి? ఆమెను ఏ మూల గదిలో పడేశాడో ఏమో! హెప్సిబా పేరున్న సీసా ఒకటి సంచిలో పెట్టుకుని బెల్లంకొండ వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడం ఏమంత కష్టం కాలేదు. కరుణమ్మ ఇల్లెక్కడంటే అందరూ చూపించారు.

వరండాలో వాలుకుర్చీలో కూర్చుని ఉంది. మంచి చీర, శుభ్రమైన ఇల్లు, పనిమనిషి. నుదురు బోసిగానే ఉంది. ఒళ్ళో పెద్దక్షరాల బైబిలు పెట్టుకుని, అద్దాలు కూడా లేకుండా చదువుకుంటోంది. కళ్ళు మసకలన్నాడే, దొంగ వెధవ!

"వందనాలమ్మా," అన్నాను.

తలెత్తి చూసి, "ఎవరూ... మన కండక్టరమ్మ కాదూ!" అన్నది వెంటనే.

"కళ్ళు కనపడవన్నాడు మీ అబ్బాయి?"

"అప్పట్లో కనపడేవి కాదు. శుక్లాలు తీయించాడుగా వాడే. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తా."

సీసా తీసి చేతికిచ్చాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "హె... ప్సి... బా. మన పేరే ఇది!"

"నా కోడలు. పచ్చడి ఆమెదే."

సీసాను రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "అంగట్లో పెట్టనిచ్చారా?" అని అడిగింది.

"పెట్టారు," అన్నాను. పెట్టిన మాట నిజమే, అంతకుమించి చెప్పలేదు.

"అయితే మావాడికి చెప్పు తల్లీ. వాడు భయస్తుడు." లేబుల్ మీద వేలితో నిమురుతూ అన్నది. "నా బొమ్మేసిన ప్యాకెట్టు నా చేతికిచ్చి, నా ముఖమే చూస్తా నిలబడ్డాడు ఆ పొద్దు."

"మీది అని మీకు తెలుసా?"

"మసకైతే మాత్రం? ఈ గాటు ఎవరిదమ్మా?" అని కనుబొమ్మ చూపించింది. "నా ముఖం నాకు తెలవదంటనా? తలెత్తి వాడిని చూస్తే నెత్తురు చుక్క లేదు. నువ్వు చేసింది నాకు తెలిసిందిరా అంటే వాడు ఆ రోజే అన్నీ మూసేసి కూలికి పోయేవాడు. అందుకని ఎవరు రా ఈమె, లక్షణంగా ఉంది అన్నా. వాడికి ప్రాణం లేచొచ్చింది."

ఆమె లోపలికి కేకేసి పనిమనిషితో ఒక రేకు డబ్బా తెప్పించింది. దాని నిండా కమలాంబ గారి పొడుల ప్యాకెట్లే, ఒక్కటీ విప్పలేదు.

"కొత్త రకం వచ్చినప్పుడల్లా తెప్పించుకుంటా. ఈసారన్నా బొట్టు తీశాడేమోనని చూస్తా. ఎంత పెద్దోడయ్యాడు, ఇంక భయమెందుకు?" అన్నది. "ఇంకా తియ్యలేదు."

బస్టాపు దాకా వచ్చి అతనికి ఫోను చేశాను. తిట్టాలని ఎన్నో అనుకున్నాను, ఒక్కటీ రాలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

"అమ్మ ఏం చేస్తోంది?" అన్నాడు.

"నేను లేచొచ్చేటప్పుడు నా కోడలి పచ్చడి అన్నంలో కలుపుకుంటా ఉంది. సీసా ఎదురుగా పెట్టుకుంది, పేరు తన వైపు ఉండేట్టు."

ఫోను పెట్టేశాడు. ఆ సంగతి నేను హెప్సిబాకు చెప్పాను గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాను. మనుషులు ఒక్క ఫోనుకే మారిపోతారా?

కొద్ది రోజులకి మా వీధిలో హారను మోగింది. కమలాంబ గారి పొడుల వ్యాను. డ్రైవరు ఖాళీ ట్రేలు దింపుతుంటే నేను గేటుకు అడ్డంగా నిలబడి, "ఏ సీసాలు తెమ్మన్నాడు మీ సారు?" అని అడిగాను.

"హెప్సిబా అని రాసున్నవేనంట అమ్మా. గురజాల, మాచర్ల, పిడుగురాళ్ళ, అన్ని కొట్లకీ దింపమన్నారు. వీళ్ళు మీ సారుకేమవుతారని ఎవరన్నా అడిగితే, మనవాళ్ళేనని చెప్పమన్నారు."

హెప్సిబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఏడవమాకే, ట్రే అందుకో," అని కసిరాను. ఒక్కో సీసా పేరు చూసి నేనే ఎక్కించాను.

ఇవన్నీ అమ్ముడైపోతాయని నేను అనుకోవడం లేదు. చానా వాటిని తీసి, చూసి, ఉన్నచోటే పెట్టేస్తారు. పెట్టనీ. పెట్టేయాలన్నా ముందు ఆ పేరు చదవాలి కదా.